ఆపదను ముందుగా గుర్తించిన అధికారి – సర్ థామస్ మన్రో

తిరుమల కొండపై శ్రీవారి నైవేద్యమునకు పొంగలి నింపు పెద్ద పాత్రలలో నొకదానికి మన్రో గంగాళమని పేరు. మన తిరుపతి, చిత్తూరు ప్రాంతములలో ఈ మాట వినని గృహమరుదు. మద్రాసు గవర్నరుగా నుండిన మన్రో దొర, వాయల్పాడు తాలూకాలోని కోటవాయలు గ్రామపు రాబడిని ఈ నైవేద్యమునకై ఏర్పాటు చేసెనని పెద్దలు చెప్పుదురు. కడుపునొప్పితో బాధపడుచున్న ఆ దొరకు స్వామి ప్రసాదముతో ఉపశమనము కలిగెనని మరియొక కథ కలదు. కథలోని నిజానిజముల నటుంచి, గంగాళము పేరు తెలిసినవారిలో ఆ మనుష్యుని జీవితము తెలిసినవారు కొందరే యని మాత్రము చెప్పవచ్చును.

శరణ బంధువులారా! మన పత్రికలో శరణుల చరిత్రలు చదువుట మీకు అలవాటు. మన మతస్థుడును, మన దేశీయుడును కాని ఒక కుంపిణీ ఉద్యోగి జీవితమును నేడు మీ ముందుంచుట కొందరికి వింతగా తోచవచ్చును. నేను బడిపంతులను. పిల్లవాడు బడి మానివేసిన దినమున ఆ యింటి కష్టము మొదలైనదని మేము హాజరుపట్టీలో గుర్తు పెట్టుకొందుము. నిజమునకు ఆ కష్టము చాల ముందే మొదలైయుండును. నోటుపుస్తకము నిండిపోయినను క్రొత్తది కొనలేక, వాడు అట్టల లోపలివైపున వ్రాయుట మొదలిడిననాడే అది కనబడుచుండును. చూడవలసినది ఉపాధ్యాయుడు. నేను చూడక పోగొట్టుకొన్న పిల్లలు కలరు. ఆ బాధ మనసులో నుండగా మన్రో చరిత్ర చదివితిని. ఇతరులకు అంతయు సవ్యముగా కనబడుచున్న సమయములో లోపల కూలిపోవుచున్న దానిని గుర్తించుట ఆతనిలోని విశేషము. గృహములు నడపువారికిని, మఠములు నడపువారికిని ఈ గుణము ఎంతయో అవసరమని తోచి ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

బాల్యము

థామస్ మన్రో 1761 మే 27వ తేదీన స్కాట్లండులోని గ్లాస్గో పట్టణమున జన్మించెను. తండ్రి అలెగ్జాండరు మన్రో వర్తకుడు. అమెరికాలోని వర్జీనియాతో పొగాకు వ్యాపారము చేసి సుఖముగా బ్రదుకుచుండెను. అమెరికా వలసలు ఆంగ్ల ప్రభుత్వముపై తిరుగబడినంతనే సముద్రమునకు ఆవల రావలసిన బాకీలన్నియు రాకుండపోయెను. ఖాతా పుస్తకములలో ఆస్తి యుండగనే ఇంటిలో లేమి ప్రవేశించెను. అప్పటికి థామసు పదునైదేండ్ల బాలుడు. పుస్తకములోని ధనము వేరు, చేతిలోని ధనము వేరు అను పాఠమును ఆతడు ఆ యింటనే నేర్చుకొనియుండునని నేను ఊహించుచున్నాను.

చదువు ముగించి కొంతకాలము ఒక వర్తకుని కచేరిలో లెక్కలు వ్రాసెను. కుటుంబము చితికిపోవుటచేత ఈస్టిండియా కుంపిణీ సైన్యములో చేరి, 1780 జనవరిలో మద్రాసున దిగెను. చిన్ననాటి జబ్బు వలన ఆతనికి చెవులు కొంచెము మందము. చేతికి వచ్చెడి కొద్ది జీతములో మిగిల్చి తలిదండ్రులకు పంపుచుండెను. హైదరాలీతో జరిగిన యుద్ధములోను, తరువాత టిప్పు సుల్తానుతో జరిగిన యుద్ధములోను పనిచేసెను. ఆ కాలముననే పారసీకము, హిందూస్థానీ నేర్చుకొనెను.

1792లో టిప్పు విడిచిన బారామహలు, అనగా సేలము ప్రాంతము, కుంపిణీ వశమాయెను. అచ్చట శిస్తు ఏర్పాటు చేయుటకు కెప్టెన్ రీడ్ అను అధికారిని నియమించి, ఆయనకు సహాయకులుగా కొందరు సైనికోద్యోగులను ఇచ్చిరి. వారిలో మన్రో ఒకడు. ఏడేండ్లు ఆతడు అచ్చట గ్రామములలో తిరిగెను. మధ్యవర్తుల మాటపై ఆధారపడక, ఒక్కొక్క రైతుతో నేరుగా మాట్లాడి ఆతని పొలమునకు శిస్తు నిర్ణయించు పద్ధతి అచ్చట రూపు దాల్చెను. దానినే తరువాత రైత్వారీ యనిరి. ఆ పద్ధతిలోని లాభనష్టముల మాట యెట్లున్నను, అది అధికారిని రైతు గడప దాక నడిపించెను. మన్రో చూపు పదునెక్కినది ఆ నడకలోనే.

దత్త మండలములు

శ్రీరంగపట్టణము పడిన పిదప ఒక సంవత్సరము కన్నడ తీరమున పనిచేసి, 1800 సంవత్సరాంతమున మన్రో మన సీమకు వచ్చెను. ఆ యేడు అక్టోబరులో నిజాము, తనకు ఉంచిన కుంపిణీ సైన్యపు ఖర్చులక్రింద తుంగభద్రకు దక్షిణమున నున్న దేశమును కుంపిణీకి దత్తము చేసెను. బళ్లారి, అనంతపురము, కడప సీమలును, కర్నూలు సీమలో కొంత భాగమును అందు చేరినవి. మన మదనపల్లె, వాయల్పాడు, గుఱ్ఱంకొండ ప్రాంతములు కూడ ఆ దత్త మండలములలోనివే. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడే మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు కడపనుండి ఇటు చేరినవి. దత్త మండలములను పేరు మార్చి రాయలసీమ యని పిలుచుట 1928 నుండి మొదలైనది.

మన్రో వచ్చునప్పటికి ఈ సీమలో సుమారు 80 మంది పాళెగాండ్రు కోటలు కట్టుకొని యుండిరి. ఒకే పల్లెలో పాళెగాని మనుష్యులు కొంత, నిజాము అమల్దారులు కొంత రాబట్టుకొనుచుండిరి. పాళెగాండ్రను కఠినముగా అణచి మన్రో పన్ను వసూలును ఒక దారికి తెచ్చెను. 1802లో పొలముల కొలత మొదలాయెను. సాగునేల నంతయు కొలిపించి, నేల గుణమును బట్టి తరగతులు ఏర్పరచి, ప్రతి పొలమునకు శిస్తు నిర్ణయించిరి. ఈ పని ముగియుటకు సుమారు ఐదేండ్లు పట్టెను. ఆ కాలములో మన్రో ఎక్కువగా గుడారములలోనే బ్రదికెను. ఉదయము గుఱ్ఱమెక్కి గ్రామములు చూచుట, సాయంకాలము గుడారము ముందు చేరిన రైతుల మొఱలు వినుట ఆతని దినచర్య. చెవులు మందమైన మనుష్యుడు ఓపికగా వినెడివాడని పేరు పొందుట గమనింపదగినది.

ఏడేండ్లలో దత్త మండలముల రాబడి సగమునకు సగము పెరిగెను. ఏ కుంపిణీ ఉద్యోగికైనను ఇది గర్వకారణము. మద్రాసులోని రెవిన్యూ బోర్డు సంతోషించెను. సీమ కుదుటపడినదని, రైతు సుఖముగా నున్నాడని ఆ లెక్కలు చూచినవారు తలచిరి. అటువంటి సమయమున, 1807 ఆగస్టు 15వ తేదీన, ఆ రాబడిని పెంచిన మన్రోయే ఈ శిస్తు రైతు మోయలేని బరువని బోర్డునకు వ్రాసెను. ప్రభుత్వము పంటలో నూటికి 45 వంతుల దాక తీసుకొనుచున్నదని, అది మూడవ వంతును మించరాదని ఆతని లెక్క. అందుచేత అన్ని భూములపై నూటికి 25 వంతులు తగ్గింపుమనెను. బావులనుండి, వాగులనుండి నీరు తోడి పండించు భూములకు మరి 8 వంతులు తగ్గింపుమనెను.

ఆతడు చూచినది ఇతరులేల చూడలేదు? మన మెట్టసీమలో పుట్టినవారికి దీని సమాధానము తెలియును. రైతు చితికిపోవుట ఒక్క దినమున జరుగదు. మొదట ఇల్లాలి మెడలోనిది తాకట్టునకు పోవును. ఆపై విత్తనపు గింజలు అప్పు తెచ్చుట మొదలగును. కపిల బావిలో పూడిక తీయుట మరుసటి యేటికి వాయిదా పడును. జత ఎద్దులలో ఒకటి సంతకు పోయి, పొరుగువాని ఎద్దుతో కలిపి దున్నుట వచ్చును. చివరకు మంచి పొలము విడిచిపెట్టి, శిస్తు తక్కువని చవుడు నేల పట్టుకొనును. ఇంతవరకును కిస్తు చెల్లుచునే యుండును. కరణము లెక్కలో ఏ లోపమును కనబడదు. పైగా, తాకట్టు సొమ్ముతో చెల్లిన కిస్తు గూడ పంట సొమ్ముతో చెల్లినట్లే పద్దులో పడును. కిస్తు నిలిచిపోయిన దినమున మేలుకొన్న అధికారి, రైతు రాత్రికి రాత్రి గ్రామము విడిచిపోయిన తరువాత వచ్చినవాడే యగును. వసూలైన సొమ్ము యెచ్చటనుండి వచ్చినదో అడిగిన వానికి మాత్రమే ఆపద ముందుగా తెలియును.

ఇచ్చట ఒక మాట దాచక చెప్పవలెను. ఆ బరువును రైతు నెత్తిన పెట్టినవాడు మన్రోయే. ఆ యేండ్లలో వానలు తప్పిన కాలములు గూడ వచ్చినవి. అయినను వసూలు సాగెను. కుంపిణీకి ధనము కావలెను, కుంపిణీ సేవకుడు తెచ్చి యిచ్చెను. ఈ దోషమునుండి ఆతనిని తప్పింప పనిలేదు. అయితే తన చేతిపని వలన కలిగిన హానిని తన కలముతోనే వ్రాసి, తన కీర్తికి ఆధారమైన సంఖ్యను తానే తగ్గింపుమని కోరుట సామాన్యుడు చేయునది కాదు. మనలో ఎవరైనను ఇతరుల పనిలోని తప్పును వెంటనే చూడగలము. మనము కట్టిన గోడ బీటలు వారుచున్నదని ముందుగా చెప్పుట కష్టము.

వినని ఫలితము

1807లో మన్రో సెలవుపై స్వదేశమునకు పోయెను. బోర్డు ఆతని సలహాను త్రోసివేసెను. దానికి బదులుగా గ్రామములను ఇజారాకిచ్చు పద్ధతి ప్రవేశపెట్టిరి. గ్రామమంతటికి ఒక మొత్తము నిర్ణయించి, దానిని చెల్లించెదనని ఒప్పుకొన్న వానికి మొదట మూడేండ్లకు, తరువాత పదేండ్లకు గ్రామమును అప్పగించిరి. గ్రామపెత్తనము పొరుగువానికి పోవునను పంతముతో అనేకులు శక్తికి మించిన మొత్తములకు ఒప్పుకొనిరి. వానలు తప్పినప్పుడు ఇజారాదారు రైతును పిండెను, రైతు పారిపోయెను, ఇజారాదారు ఆస్తి జప్తుకు వచ్చెను. కొందరు చెరసాల పాలైరి. సీమలో పేరుగాంచిన పెద్ద రైతు కుటుంబములు ఆ పది పన్నెండేండ్లలో అడుగంటిపోయెను.

పైవారి పుస్తకములో ఇజారా పద్ధతి చాల సులభమైనది. వేలమంది రైతుల లెక్క చూడనక్కరలేదు; గ్రామమున కొక్క పేరు, ఒక్క మొత్తము చాలును. ఆ సౌకర్యమే దానిలోని లోపము. పుస్తకము సులభమైన కొలది రైతు కనుమరుగాయెను. 1820లో మన్రో గవర్నరై తిరిగి వచ్చిన తరువాతనే రైత్వారీ పద్ధతియు, 25 వంతుల తగ్గింపును దత్త మండలములలో స్థిరపడినవి. మాట చెప్పిన దినమునకును, అది నెరవేరిన దినమునకును నడుమ పదుమూడేండ్లు గడచినవి. అంతలో చెడిపోయిన సంసారములను ఆ తగ్గింపు తిరిగి నిలబెట్టలేదు.

గ్రామ పంచాయతీ

స్వదేశమున నున్న కాలమున, 1813లో, ఆంగ్ల పార్లమెంటు కుంపిణీ వ్యవహారములపై మన్రో సాక్ష్యము తీసుకొనెను. భారతీయులు సంస్కారములో తక్కువవారను అభిప్రాయమును ఆతడు అంగీకరింపలేదు. వ్యవసాయము, చేతిపనులు, ప్రతి గ్రామమున బడి, అతిథి సేవ మొదలగు వానిని ఎత్తి చూపి, నాగరికతయే వర్తకపు సరకైనచో దానిని ఇచ్చటినుండి దిగుమతి చేసుకొనుట ఇంగ్లండుకే లాభమను భావమును వెల్లడించెను.

1814లో జేన్ కాంబెల్ అను ఆమెను వివాహమాడి, న్యాయస్థానముల విచారణ సంఘమునకు అధ్యక్షుడుగా మద్రాసు చేరెను. ఆ కాలమున జిల్లా కోర్టులలో వ్యాజ్యములు తెగక గుట్టలు పడియుండెను. కోర్టులకు పని పెరుగుట న్యాయము వర్ధిల్లుచున్నదనుటకు గుర్తని కొందరు తలచిరి. మన్రో దానిని వేరు విధముగా చూచెను. గ్రామములో రచ్చబండ దగ్గర తీరవలసిన తగవు వంద మైళ్లు నడచి పోవుచున్నదనగా, గ్రామపంచాయతీ జీవము కోల్పోవుచున్నదన్న మాట. 1816లో చేసిన రెగ్యులేషనుల వలన గ్రామ మునసబులకును, పంచాయతీలకును కొన్ని అధికారములు తిరిగి ఇచ్చిరి. అయినను పంచాయతీలు ఆతడు ఆశించినట్లు నిలువలేదు. ఒకసారి జనులు అలవాటు తప్పిన సంస్థను చట్టముతో బ్రతికించుట యెంత కష్టమో దీనివలన తెలియుచున్నది.

బడుల లెక్క

1820 జూనులో మన్రో మద్రాసు గవర్నరు పదవి స్వీకరించెను. ఫోర్టు సెంటు జార్జి కళాశాలలో చదువుచున్న యువకోద్యోగులతో మాట్లాడుచు, ఏలవలసిన ప్రజల భాష నేర్వనివాడు వారికి ఉపయోగపడడను భావమును బోధించెను. ఆ శ్రోతలలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఒకడు. ఆ యేడే కడపకు వచ్చి తెలుగునకు జీవితము నర్పించిన ఆ బ్రౌను దొరయే, 1840లో జంగముల ఆచారములను గూర్చియు, సాహిత్యమును గూర్చియు ఆంగ్లమున వ్యాసము ప్రకటించెను.

ఉపాధ్యాయుడనైన నాకు మన్రో చేసిన పనులలో మిక్కిలి ప్రియమైనది 1822 జూను 25వ తేదీ నాటి ఉత్తరువు. ఈ దేశమున చదువు పూర్వముకంటె తగ్గినదని కొందరు, మొదటినుండియు లేదని కొందరు వాదించుచుండిరి. ఎవరును లెక్క చూడలేదు. ప్రతి జిల్లాలో బడులెన్ని, అందు చదువు బాలబాలికలెందరు, ఏ కులములవారు, ఏ పుస్తకములు చదువుచున్నారు, ఉపాధ్యాయునికి జీతమెట్లు వచ్చుచున్నది అను విషయములను కనుగొని పంపుమని ఆతడు కలెక్టరులను అడిగించెను. సమాధానములు చేరుటకు మూడేండ్లు పట్టెను.

రాజధాని మొత్తమున 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు తేలిరి. అందు బాలికలు 4,540 మంది మాత్రమే. జనసంఖ్య 1,28,50,941. వేయిమందికి ఒక బడి చొప్పున నుండెను. బడి యీడు బాలురలో నాలుగవ వంతు బడికి పోవుచున్నారని, ఇంటివద్ద చదువుకొనువారిని చేర్చినచో మూడవ వంతు కావచ్చునని మన్రో అంచనా వేసెను. ఆ కాలపు అనేక ఐరోపా దేశములలోని స్థితి కొద్దికాలము క్రిందటి వరకు ఇంతకంటె మెరుగు కాదని గూడ ఆతడు గుర్తించెను.

ఈ లెక్క చూచి తృప్తిపడి ఊరకుండ వచ్చును. పండ్రెండు వేల బడులున్నవి గదా! మన్రో దృష్టి మరియొక సంఖ్యపై నిలిచెను. బడిపంతులకు పిల్లలు నెలకు నాలుగు అణాల నుండి ఎనిమిది అణాల దాక ఇచ్చుచుండిరి. అన్నియు కలిపి ఆతని రాబడి నెలకు ఆరేడు రూపాయలకు మించదు. ఆ జీతమునకు తగిన విద్యావంతుడు ఈ వృత్తిలోనికి రాడని, బడులు సంఖ్యలో నున్నను లోపల క్షీణించుచున్నవని 1826 మార్చి 10వ తేదీన ఆతడు వ్రాసెను. బడి పడిపోవుట పంతులు కడుపులో మొదలగునని ఒక గవర్నరు గ్రహించుట మా వృత్తివారు మరువరాని సంగతి.

మన సీమనుండి పోయిన సమాధానములలో 1823 ఆగస్టులో బళ్లారి కలెక్టరు కాంబెల్ వ్రాసినది ప్రసిద్ధము. అనంతపురము అప్పుడు ఆ జిల్లాలోనిదే. అచ్చట 533 బడులుండెను. వానిలో కన్నడ బడులు 235, తెలుగు బడులు 226, తక్కినవి మరాఠీ, పారసీకము, సంస్కృతము మొదలగునవి. లింగధారుల పిల్లలు చదువుకొను గ్రంథములలో బసవపురాణము, గిరిజాకల్యాణము, అనుభవామృతము, చెన్నబసవేశ్వర పురాణము పేర్కొనబడినవి. మన పూర్వుల పిల్లలు వీథిబడిలో ఇసుకపై అక్షరములు దిద్దుకొని బసవపురాణము దాక చేరుకొన్నారనుటకు ఇది ప్రభుత్వ దాఖలా. అయితే ఆ 533 బడులలో ఒక్కదానికైనను సర్కారు సహాయము లేదని కాంబెల్ సిగ్గుపడుచు తెలిపెను. పూర్వరాజులు విద్యకిచ్చిన మాన్యములు ఇతర విధములుగా పోయినవనియు, విలాయతి బట్టలు వచ్చి నేతపనివారు బీదలైరనియు, బీదతనము వలన తలిదండ్రులు పిల్లలను పూర్వమువలె బడికి పంపలేకున్నారనియు ఆతడు స్పష్టపరచెను. బడి చెడుటకు కారణము బడిలోనే లేదు, మగ్గములో నున్నదని ఆ అధికారి కనుగొనెను.

మన్రో జాలిపడి విడువక ఒక పథకము వేసెను. జిల్లాకు రెండు పెద్ద బడులు, ఒక్కొక్క పంతులకు నెలకు 15 రూపాయలు. తాలూకాల స్థాయిలో 300 బడులు, పంతులకు 9 రూపాయలు. మద్రాసులో ఉపాధ్యాయులను తయారుచేయు సంస్థకు నెలకు 700 రూపాయలు. మొత్తము సంవత్సరమునకు 48,000 రూపాయలు. ఇంత పెద్ద రాజధానికి ఇది గొప్ప మొత్తము కాదు. కుంపిణీ డైరెక్టరులు ఆమోదించిరి గాని, వారి ఆమోదము చేరునప్పటికి మన్రో జీవించి లేడు. ఆతని వెనుక ఆ పనిని తన పనిగా పట్టుకొన్నవారు లేకపోయిరి. తాలూకా బడులు 300 ఎన్నడును కాలేదు. పెట్టినవి గూడ పదేండ్లు నిండునంతలో ఎత్తివేయబడెను.

1824 డిసెంబరు 31వ తేదీన వ్రాసిన దీర్ఘమైన లేఖలో ఆతడు మరియొక ఆపదను గుర్తించెను. పెద్ద ఉద్యోగములన్నియు విదేశీయులే పట్టుకొన్నచో, ఈ దేశ ప్రజలకు తమ వ్యవహారములలో తమకు బాధ్యత లేకుండపోవును. బాధ్యత లేనిచోట శీలము క్రుంగును. దేశమున శాంతి యున్నది, దారిదోపిడులు తగ్గినవి అని తక్కినవారు సంతోషించు కాలముననే, ఆ శాంతి వెనుక జనుల ఆత్మగౌరవము సన్నగిలుచున్నదని ఆతడు కలవరపడెను.

చివరి యాత్ర

1823 నుండియే మన్రో విశ్రాంతి కోరుచుండెను. బర్మా యుద్ధము వచ్చుటచేత నిలిచిపోయెను. 1826లో భార్య, జబ్బుగా నున్న చిన్నకుమారుని తీసుకొని ఇంగ్లండునకు వెడలెను. క్రొత్త గవర్నరు రావలసియుండెను. ఓడ ఎక్కులోపల తన దత్త మండలములను ఒక్కసారి చూడవలెనని 1827 వేసవి చివర మద్రాసునుండి బయలుదేరెను. సీమలో విషూచి, అనగా కలరా, వ్యాపించియుండెను. గుత్తి దాటునప్పటికి వెంటనున్న పరివారములో జబ్బు కనబడెను. జూలై 6వ తేదీన పత్తికొండ చేరిరి. ఆ ఉదయమే మన్రోకు వ్యాధి సోకెను. రాత్రికి ప్రాణము విడిచెను. వయస్సు 66 సంవత్సరములు.

కడప జిల్లా గండి క్షేత్రమున, పాపాఘ్ని నదికి ఇరువైపుల నున్న కొండల నడుమ కట్టిన బంగారు తోరణము మన్రోకు కనబడెనని, అది మరణము సమీపించినవారికే కనబడునని పూజారులు చెప్పిరని ఒక కథ నేటికిని వినబడును. మంత్రాలయమున మఠపు మాన్యము విచారించుటకు పోయినప్పుడు రాఘవేంద్రస్వామి ఆతనితో మాట్లాడెనని మరియొక కథ. వీనిని చరిత్రగా నేను చెప్పుట లేదు. అయితే ఈ కథలన్నిటిలోను ఆ దొర తానే ఆ స్థలమునకు నడచిపోయి చూచినట్లుండును. జనులు ఆతనిలో జ్ఞాపకముంచుకొన్న గుణము అది.

దేహమును గుత్తిలో పూడ్చి, 1831లో మద్రాసు కోటలోని చర్చికి చేర్చిరి. పత్తికొండలో ఆతని జ్ఞాపకార్థము తోపు పెంచి, మెట్లబావి త్రవ్వించిరి. 1839లో మద్రాసున గుఱ్ఱముపై నున్న ఆతని కంచువిగ్రహము ప్రతిష్ఠింపబడెను. సీమలో కొందరు తమ పిల్లలకు మన్రోలప్ప యని పేరుపెట్టుకొనిరి. పన్ను వసూలు చేసిన అధికారి పేరు పిల్లలకు పెట్టుకొనుట లోకములో అరుదు.

మన గృహములు, మన మఠములు

ఈ జీవితమునుండి మనము గ్రహింపదగిన దేమి? ఆపద లెక్కపుస్తకములో చివరకు కనబడును. అంతకు ముందు అది రైతు ఎద్దులలో, పంతులు జీతములో, నేతగాని మగ్గములో కనబడును. దగ్గరకు పోయి, ఇది యెట్లు నడచుచున్నదని అడిగినవానికి తెలియును. తెలిసిన పిదప ఎంత తగ్గింపవలెనో, ఎంత ఇవ్వవలెనో అంకెతో సహా చెప్పవలెను. అది తనవలన కలిగిన దోషమైనను చెప్పవలెను. తన వెనుక ఆ పని చేయువారిని ముందే సిద్ధపరచుకొనవలెను. ఈ చివరి పని మన్రోకు కొనసాగలేదు, అందుచేతనే ఆతని బడులు నిలువలేదు.

మఠాధిపతులకును, ధర్మకర్తలకును వినయముతో ఒక మనవి. మఠపు అంగళ్ల బాడుగ సక్రమముగా వచ్చుచుండవచ్చును. ఉత్సవమునకు జనము చేరుచుండవచ్చును. పాఠశాలలో వటువులు గత పదేండ్లలో ఎందరు తగ్గిరి? తాళపత్రముల గదికి తాళము తీసి ఎంతకాలమైనది? దాసోహములో వడ్డించువారికి నెల గడచుచున్నదా? పల్లెలో జంగమయ్య యింటి పిల్లవాడు చదువు మాని పట్టణమునకు పోయెనా? ఈ ప్రశ్నలకు జమాఖర్చు పుస్తకము బదులు చెప్పదు. కాయకమునకు తగిన ప్రతిఫలము లేనిచోట దాసోహమును నిలువదని బసవేశ్వరుని మార్గమున నడచు మనకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక నా సంగతి. ఇప్పుడు నేను వారమునకొకసారి పిల్లల నోటుపుస్తకములు వెనుకవైపునుండి తెరచి చూచుచున్నాను. అట్ట లోపల వ్రాత కనబడిన యింటికి ఆ సాయంకాలమే పోవుచున్నాను. కొన్నియిండ్లలో నాలుగు పుస్తకములతో పని తీరును. కొన్నియిండ్లలో ఆ పుస్తకము వెనుక అప్పు, జబ్బు, వలస కనబడును. అన్నిటిని తీర్చు శక్తి నాకు లేదు. పిల్లవాడు ఇంకను బడిలో నుండగనే ఆ గడప త్రొక్కితిని గదా యను మాట మాత్రము మిగులుచున్నది. శరణు శరణార్థులు.